గడప ముందర రాయి

సోమవారం పొద్దున వికారాబాదు స్టేషన్లో తాండూరు వైపు పోయే ప్యాసింజరు ఎక్కేసరికే పద్మారాణి ఆ వారం పాఠమంతా మనసులో సర్దిపెట్టుకుంది. ఈ వారం తెలుగులో కథను పొడిగించడం. శుక్రవారం ఎంఈఓ ఏసుదాసు తనిఖీకి వస్తున్నాడు. పిల్లలు తామే అల్లిన కథను ఆయనకు చదివి వినిపిస్తారు, ఆయన మురిసిపోతాడు, బడి నిలబడుతుంది. ఆలోచనలో ఒక్క లోపం కూడా లేదు. లోపాలన్నీ దాన్ని పిల్లలకు చెప్పిన తర్వాతే మొదలయ్యాయి.

బండమీదిపల్లి బడికి పద్మారాణి ఒక్కతే టీచరు. అయిదు తరగతులూ ఒకే గదిలో కూర్చుంటాయి. ఇరవై మంది పిల్లలు లేకపోతే ఆ బడిని రోడ్డవతలి ఊరి బడిలో కలిపేస్తామని పైనుంచి మాట వచ్చింది. ఉన్నది ఇరవైకి ఒకరు తక్కువ. ఆ ఒక్కరి కోసం ఎండాకాలమంతా ఆమె గడపగడపకూ తిరిగింది, తాండూరు ప్రైవేటు బళ్లకు పోయే పిల్లల తల్లుల చేతి చాయలు తాగింది తప్ప ఫలితం లేదు. రోడ్డు అంటే మామూలు రోడ్డు కాదు. బండలు మోసే లారీలు రాత్రీ పగలూ పోతుంటాయి. ఒకటో తరగతి బిందు తన పలక సంచి తనే మోయలేదు, ఆ రోడ్డు ఎట్లా దాటుతుంది?

ఇక పాఠం సంగతి. నోటుబుక్కు కాగితాలు చింపితే ఇళ్లలో తిడతారని, బడి వెనక పడి ఉన్న నాపరాయి ముక్కలను ఏరించింది. ఆ ఊళ్లో రాయికి కరువు లేదు, చుట్టూ గనులే. తెల్ల సుద్దముక్కలు అయిపోయి డబ్బాలో ఎర్రవి మాత్రమే మిగిలాయి. పరవాలేదు, ఎరుపు బాగా కనిపిస్తుంది అనుకుంది పాపం.

"కథ మొదటి వాక్యం నేను చెప్తాను. 'గని గుంటలో నీళ్ల కింద నుంచి ఎవరో మన పేర్లు పిలుస్తున్నారు.' తర్వాత ఒకరు ఒక వాక్యం రాయాలి, పైన తర్వాతివాళ్ల పేరు రాసి ఆ రాయి వాళ్లకు అందజేయాలి. వాళ్లు అది చదివి ఇంకో రాయి మీద ఇంకో వాక్యం" అంది.

ఎవరి తర్వాత ఎవరో ఒక్కొక్కరి చెవిలో ఊదింది. రెండు షరతులు పెట్టింది. రాసింది ఎవరో అవతలివాళ్లకు తెలియకూడదు. శుక్రవారం దాకా ఇంట్లో చెప్పకూడదు.

ఆటల గంటలో ఒకరి సంచిలో ఒకరు దొంగచాటుగా రాళ్లు పెట్టుకుంటారని ఆమె అనుకుంది. పిల్లలు అంతకన్నా తెలివిగలవాళ్లు. సంచిలో పెడితే పెట్టినవాళ్లు దొరికిపోతారు. పొద్దుగూకే వేళ, పొద్దున మంచు కమ్మిన వేళ గడప ముందర పెట్టి ఉరికితే ఎవరు చూస్తారు? ఏడాది పొడుగునా ఇంటిపని చేయని పిల్లలు ఆ వారం ఒళ్లొంచి చేశారు.

మంగళవారం పొద్దున బండల పాలిష్ యూనిట్లో పనిచేసే మొహియుద్దీన్ తలుపు తీశాడు. బడి కమిటీ చైర్మన్ కూడా ఆయనే. బయట పొగమంచు గోడ కట్టినట్టుంది. గడపకు ఆనించి ఒక రాయి నిలబెట్టి ఉంది. పైన ఎర్రగా తన కూతురి పేరు, 'జబీన్'. కింద, 'నేను గుంటలోంచి వచ్చిన.'

మొహియుద్దీన్ చేతులు సమాధి రాళ్లు చెక్కిన చేతులు. రాయి మీద మనిషి పేరు రాసి నిలబెట్టారంటే అది ఎందుకో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ చేతులే ఇప్పుడు గొళ్లెం వదల్లేదు. అంతలో జబీన్ తండ్రి చంక కింద నుంచి తల దూర్చి ఆ రాయిని చదివింది. చదివి, మెల్లగా నవ్వింది. ఆ నవ్వుకు ఆయనకు సగం ప్రాణం పోయింది.

"ఎవరు పెట్టిండ్రే?" అన్నాడు.

జబీన్ వేలు పెదాల మీద పెట్టుకుంది. "చెప్పొద్దన్నరు."

"ఎవరన్నరు?"

జబీన్ గని గుంట వైపు, అంటే బడి వైపు, చూసింది. రెండూ ఒకే దిక్కున ఉండడం ఎవరి తప్పూ కాదు.

లోపలి నుంచి మొహియుద్దీన్ తల్లి అష్రఫున్నీసా "క్యా హై రే మొయిన్?" అని, ఏమైందని కొడుకును కేకేసింది. "కుచ్ నహీ అమ్మీ, ఏం లేదు, చలి" అని ఆయన తలుపు మూశాడు. తర్వాత పటకారు తెచ్చి, ముఖం అటు తిప్పుకుని, ఆ రాయిని పట్టి గోనెసంచిలో వేశాడు. సాయంత్రం జబీన్ కాసేపు కనిపించలేదు. వచ్చాక చూస్తే కూతురి వేళ్లు ఎర్రగా ఉన్నాయి. "గిదేంది?" అంటే మళ్లీ పెదాల మీద వేలు. ఈసారి పెదాలు కూడా ఎర్రబడ్డాయి.

చీకటి పడేలోపే పాండు వాళ్ల గడప ముందు ఇంకో రాయి వెలిసింది. 'నాకు చలి పెడుతున్నది. తలుపు తియ్యి.' వాళ్లమ్మ తలుపు తీయకపోగా మంచాన్ని అడ్డం పెట్టింది. తెల్లారేసరికి సాత్విక్ వాళ్ల ఇంటి ముందు, 'మీ ఇంట్ల ఎంతమంది ఉన్నరో నాకు ఎరుక.' సాత్విక్ తాత అది చదివించుకుని, ఇంట్లో ఉన్నవాళ్లను ఒకసారి లెక్కపెట్టుకుని, ఆ మధ్యాహ్నమే సగం మందిని కొడంగల్ బస్సెక్కించాడు.

ఆ తర్వాత పూటకు నాలుగైదు గడపల ముందు రాళ్లు లేచాయి. ఊరంతా ఒకే మాట అనుకుంది: బాణామతి, ఎవరో చేతబడి చేయించారని. ప్రతి ఇంట్లో మిరపకాయలు మాడ్చారు. ఊరంతా దగ్గింది. దగ్గుల మధ్యలో పిల్లలు మాత్రం గోడల వెంట, చెట్ల చాటున, పెదాలు కదుపుతూ ఏదో వల్లె వేసుకుంటూ తిరిగారు. వాళ్లు తమ వాక్యం మరిచిపోకుండా చదువుకుంటున్నారని అనుకోవడానికి ఆ ఊళ్లో పిల్లలు చదవగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

పద్మారాణికి ఇదేదీ తెలియదు. బడిలో "రాళ్లు అందుతున్నాయా?" అని అడిగితే పిల్లలు కళ్లు మెరిపించి తలలూపారు. ఇంత శ్రద్ధ ఎన్నడూ చూడలేదని ఆమె సంబరపడింది. బుధవారం రైల్లో పక్కన కూర్చున్న ఒకావిడ ఆమె ఏ ఊరికి పోతుందో విని కాళ్లు దగ్గరకు లాక్కుంది.

"బండమీదిపల్లికా? అయ్యో బిడ్డా, గా ఊళ్లె సమాధులు నడుస్తున్నయంట. మనిషెత్తు రాళ్లు, నెత్తురుతోని పేర్లు. ఎవ్వల పేరొస్తే వాళ్ల ఇంటి ముంగట నిలవడ్తయంట."

తన పలకంత రాళ్లకూ ఎర్రసుద్దకూ ఆ మాటలతో చుట్టరికం ఉందని పద్మారాణి ఎట్లా పోల్చుకుంటుంది? ఆమె నవ్వింది. తాండూరులో దిగి ఒక నిమ్మకాయ కొని సంచిలో వేసుకుంది. నమ్మకం లేకపోవడం వేరు, నిమ్మకాయ వేరు.

ఆటోవాడు ఊళ్లోకి రానన్నాడు. గని మలుపు దగ్గరే దింపేసి, తిరిగి చూడకుండా పోయాడు. ఆమె మంచులో నడవసాగింది. ఎడమ పక్కన పాత గని గుంట. ఎప్పుడో తవ్వి వదిలేసింది, నిండా పచ్చటి నీళ్లు. అలికిడి లేదు. మెట్లు మెట్లుగా కోసిన రాయి నీళ్లలోకి దిగిపోయి, ఎక్కడ ముగుస్తుందో కనిపించదు. ఆ నీళ్ల అవతల నుంచి పసి గొంతు ఒకటి వినిపించింది.

"జబీన్... పాండూ... బిందూ..."

హాజరు పిలిచినట్టే, అదే వరుసలో, అదే సాగతీతతో. ఒక్కో పేరు తర్వాత జవాబు కోసం ఆగుతోంది. పద్మారాణి ఆగలేదు. బడి దాకా ఆమె ఎట్లా వచ్చిందో చెప్పులకే తెలియాలి, అందులో ఒకటి మధ్యలోనే ఉండిపోయింది.

"గుంట దగ్గర ఎవర్రా ఆడుతున్నది?" అని గదిలో గట్టిగా అరిచింది.

సాత్విక్ అమాయకంగా చూశాడు. "మేము అటు పోము టీచర్. మీరే పోవద్దన్నరు గద."

ఆ రోజు గదిలో సగం చాపలు ఖాళీ. గురువారానికి ముగ్గురే మిగిలారు. తక్కినవాళ్లను కొడంగల్, బంట్వారం, నవాబుపేట, ఎక్కడ చుట్టాలుంటే అక్కడికి పంపేశారు. అయినా పిల్లలు మాట తప్పలేదు. ఊరు దాటేముందు బస్సు హారను కొడుతుండగా కూడా ఉరికి వెళ్లి, తమ రాయి తర్వాతివాళ్ల గడప ముందు పెట్టే ఎక్కారు. పద్మారాణి ఖాళీ చాపల మధ్య నిలబడి రేపటి తనిఖీని తలుచుకుంది. ఒకరు తక్కువైతేనే పోయే బడి, ముగ్గురితో ఏమవుతుంది? ఆమెకు ఏడుపొచ్చింది.

అప్పుడు వంట చేసే భాగమ్మ వాకిట్లోంచి కేకేసింది. "టీచరమ్మా, వాళ్లొచ్చిండ్రు."

మొహియుద్దీన్, ఇంకో నలుగురు ఒక గోనెసంచిని గడకర్రకు వేలాడదీసి మోసుకొచ్చారు. ఇళ్లలో పెట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదట, రేపటి దాకా బడిలో పెట్టి తాళం వేయాలట. సంచి మూతి విప్పారు. పద్మారాణి లోపలికి తొంగిచూసింది. నాపరాయి ముక్కలు. ఎర్రసుద్ద. పాండు రాసే కొక్కిరి 'క', బిందు రాసే బూరె లాంటి సున్నా. రెండు రోజుల భయం ఒక్కసారిగా నీరై కారిపోయింది. మరుక్షణమే దాని జాగాలోకి ఇంకో భయం వచ్చి కూర్చుంది.

"మొహియుద్దీన్ అన్నా, ఇవి..." అని మొదలుపెట్టింది.

"ఇవి పెట్టించినోళ్లు దొరకాలె టీచరమ్మా! కాళ్లు చేతులు ఇరగ్గొట్టి గా గుంటల్నే పారేస్త. మా అమ్మీ మూడు దినాల సంది బుక్కెడు తింటలేదు."

"...ఇవి బాగా బరువుంటాయి కదా, అంటున్న" అని ముగించింది పద్మారాణి.

కర్ణాటక సరిహద్దు అవతలి నుంచి బాలప్ప అనే భూతవైద్యుడు రేపు పొద్దున వస్తున్నాడని వాళ్లు చెప్పారు. ఆయనను ఊళ్లో ఎవరూ చూడలేదు, ఫోన్లోనే మాటలు. నెరిసిన గడ్డం, తెల్లచొక్కా గుర్తు. ఒక నల్లకోడి కావాలన్నాడు. వచ్చినప్పుడు ఎవరూ ఏమీ అడగకూడదు, ఏమీ చెప్పకూడదు, ఆయనకే అంతా తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, రాళ్ల మీద పేర్లున్న పిల్లలందరినీ తెచ్చి ఒక్కచోట కూర్చోబెట్టాలి, ఒక్కరు తగ్గినా బాణామతి వెనక్కి తిరగదు. అందుకని చుట్టాల ఊళ్లకు పోయిన పిల్లల కోసం అప్పటికే మోటారు సైకిళ్లు బయల్దేరాయి.

పద్మారాణి నిజం చెప్పాలనుకుంది. రేపు చెప్దామనుకుంది. రేపు పిల్లలందరూ గదిలో ఉంటారన్న మాట చెవిన పడ్డాక, ఆ నిజం ఇంకాస్త ఆగితే కొంపలేమీ మునగవనిపించింది.

శుక్రవారం మంచు వల్ల రైలు ఆలస్యమైంది. ఆమె ఇంకా గని మలుపు చేరకముందే, నెరిసిన గడ్డం, తెల్లచొక్కా ఉన్న ఒక పెద్దమనిషి మంచులోంచి మోటారు సైకిల్ మీద బడి ముందు దిగాడు. ఆయన ఎంఈఓ ఏసుదాసు. ఊరంతా లేచి నిలబడింది. ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. భాగమ్మ ముందుకొచ్చి వేపరెమ్మతో పసుపునీళ్లు ఆయన మీద చల్లింది.

ఇంత స్వాగతం ఆయనకు ఉద్యోగంలో ఎక్కడా జరగలేదు. చొక్కా దులుపుకుంటూ గదిలోకి నడిచాడు. పిల్లలు నేల మీద బుద్ధిగా కూర్చున్నారు. గోడల వెంట, కిటికీల బయట పెద్దవాళ్లు. తల్లిదండ్రులు ఇంతమంది ఒక్కసారిగా బడికి రావడం ఆయన చూడలేదు. మొహియుద్దీన్ రెండు చేతులా నల్లకోడిని పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టాడు.

ఏసుదాసు ముఖం ఎర్రబడింది. "ఏమనుకుంటున్నరు మీరు? నేను గిసుంటివి ముట్టను!"

జనం ముఖాలు చూసుకున్నారు. మొహియుద్దీన్ గొంతు తగ్గించి, "మేక గావాల్నా సార్?" అన్నాడు.

"తీసెయ్యండి! ప్రభువు చూస్తుండు!" అని ఆయన గర్జించాడు. ఏ ప్రభువో గాని గట్టి ప్రభువే అయివుంటాడని జనం వెనక్కి జరిగారు. ఆయన కుర్చీలో కూర్చుని, పిల్లల వైపు తిరిగి, వంగి, మెత్తగా అడిగాడు. "చెప్పండి. ఈ వారం ఏం జరిగింది?"

"అడుగుతుండు, దాన్నే అడుగుతుండు!" అని కిటికీ దగ్గర ఎవరో గుసగుసలాడారు. ఒకావిడ కళ్లు మూసుకుంది.

సరిగ్గా అప్పుడే పద్మారాణి రొప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఎంఈఓ చొక్కా నిండా పసుపు మరకలు, కాళ్ల దగ్గర కోడి, మూలన గోనెసంచి, నిండిన గది. ఏది ఎట్లా జరిగిందో అర్థం కాలేదు గాని, ఇంకా దాచి లాభం లేదని అర్థమైంది. సంచి మూతి విప్పింది. జనం హడలిపోయి గోడకు అతుక్కున్నారు.

"ఎవరి రాయి వాళ్లు తీసుకోండి. వరుసగా చదవండి" అంది.

పిల్లలు ఉరికొచ్చి సంచి మీద పడ్డారు. తల్లులు ముట్టుకోవద్దని కేకలేసేలోపే ఎవరి రాయి వాళ్ల చేతికొచ్చింది. అయిదో తరగతి పిల్లాడొకడు మొదట నిలబడ్డాడు. "నేను గుంటలోంచి వచ్చిన" అని చదివి, "తర్వాత జబీన్" అన్నాడు. వాడి తల్లి నోరు తెరిచింది. జబీన్ లేచింది. "నాకు చలి పెడుతున్నది. తలుపు తియ్యి." మొహియుద్దీన్ పాండు వాళ్లమ్మ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. పాండు లేచాడు. "మీ ఇంట్ల ఎంతమంది ఉన్నరో నాకు ఎరుక."

ఒక్కొక్కరే లేస్తున్నారు. గడప ముందు ఒంటరిగా నిలబడి ప్రాణాలు తీసిన వాక్యాలు, పక్కపక్కన చేరేసరికి గొంతు మార్చుకున్నాయి.

"మీరు బడికి పోతుంటే నేను రోజూ నీళ్లలకెళ్లి చూస్త."

"ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలుస్త."

"నా పేరు మాత్రం ఎవ్వలు పిలువరు."

"మీ పక్కన జాగ ఉన్నదా?"

"నా తాన పలక లేదు. అన్నం తిన్నంక కంచం నేనే కడుగుత."

గదిలో దగ్గు కూడా వినిపించడం లేదు. చివర బిందు లేచింది. రాయి ఆమె ఛాతీ అంత ఉంది. రెండు చేతులా పట్టుకుని, కూడబలుక్కుని చదివింది. "టీచర్, నన్ను గూడ పిలువుండ్రి. బడి మూస్తే నేను మళ్ల నీళ్లలకే పోవాలె."

అష్రఫున్నీసా కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "హాయ్ అల్లా, పసిపోరని చలిల నిలవెడితిమి గదరా" అని కొడుకునే తిట్టింది. కాళ్లు విరగ్గొడతానన్న మొహియుద్దీన్ పద్మారాణి దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"టీచరమ్మా, ముందుగాల ఒక్క మాట చెప్తే గాకపోవునా? మిర్చి అంత ఒడిసిపాయె" అన్నాడు, అంతే.

ఏసుదాసు కళ్లజోడు తుడుచుకున్నాడు. హాజరు తీసుకోమన్నాడు. పద్మారాణి పట్టీలోని పంతొమ్మిది పేర్లూ పిలుస్తుంటే ఆయన గది చివరిదాకా నడుస్తూ, మెల్లగా పెదాలు కదుపుతూ ఒక్కొక్క తల మీదా వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. వెనక కిటికీలోంచి మంచు లోపలికి వస్తోంది. ఆ వైపు చాప తడిగా ఉంది.

"ఇరవై. సరిపోయిండ్రు. ఈ బడిని ఎవరూ కదిలించరు, నేను రాసి పంపుత" అన్నాడు. పసుపు చొక్కాతోనే బండెక్కి, ఈ రాళ్ల పాఠం వచ్చే నెల నుంచి మండలమంతా పెట్టిస్తానని చెప్పి మరీ పోయాడు.

ఆయన పోయిన కాసేపటికి అసలు బాలప్ప వచ్చాడు. ఇక పనేమీ లేదని చెప్పబోతే చేయెత్తి ఆపి, గుమ్మంలో నిలబడి పిల్లలను పరికించి చూశాడు. చూపు వెనక వరుస దాకా పోయి అక్కడే నిలిచింది. "ఇల్లి ననగె కెలస ఇల్ల" అని కన్నడంలో గొణిగాడు, ఇక్కడ నాకు పని లేదని. ఎదురుగా ఉన్న నల్లకోడిని కూడా తీసుకోకుండా, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం భాగమ్మ వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగింది. "టీచరమ్మా, ఒక కంచం తక్కువ వడ్డది. పొద్దున సరిగనే కడిగి పెట్టిన."

పద్మారాణి తలెత్తలేదు. తన కంచం అటు జరిపి, డబ్బా మూతలో అన్నం పెట్టించుకుంది. పిల్లలను మళ్లీ లెక్కపెట్టనూ లేదు. ఈ వారం పాఠం తెలుగు, లెక్కల సంగతి వచ్చే వారం చూసుకోవచ్చు.